మొరిగితే తిప్పు

హలో… ఆఁ, నేనేలే బావా, పంకజాక్షిని. నీ జాతకాల అంగట్లో నేను గాక ఫోను ఎత్తేవాళ్ళు ఇంకెవురుండారు?

మద్రాసు చేరినావా?… బస్సు లేటా… టిఫిను తిన్నావా?… సరే సరే. ఎస్టీడీ మీటరు తిరగతా ఉంటాది, బిరీన చెప్తా.

ముందు ఒక మాట. పక్కన గాజులంగడి భారతమ్మక్క పొద్దున్నే వచ్చి కూర్చునింది… ఆఁ, నువ్వట్ల బస్సెక్కినావో లేదో ఇట్ల వచ్చింది. కాణిపాకంలో వెంకటముని కూడా కంప్యూటరు జాతకాల అంగడి పెట్టినాడంట. ఆ మిషను మొదట రంగుల్లో వినాయకుణ్ణి చూపిస్తాదంట. తొండం కూడా ఆడిస్తాదంట. ఆమీదటనే జాతకం ఇస్తాదంట…

నేను సూడలేదు బావా. ఆమె కూడా సూడలేదు. ఆమె చిన్నాయన కొడుకు సూసినాడంట… ఉండు, వాడు కూడా సూడలేదు. వాడితో బస్సులో కూర్చున్నాయన చెప్పినాడంట.

ఆ తొండానికే నీ కడుపు మండి మద్రాసుకు పరిగెత్తినావని… నేను కాదబ్బా, ఆమె అనింది!

ఇంకొకటి కూడా అనింది. "ఏమే పంకజం, బేస్తవారం నిన్ను సూసేదానికి పాకాల నుంచి వస్తా ఉండారంటనే, రైల్వే గుమాస్తా గోవిందు వాళ్ళు? దోషం ఉండే పిల్లను ఎట్ల ఒప్పుకుంటారో ఏమో" అని. మన మిషను కొట్టిన కాగితం అలిపిరి ఎక్కి, కొండ దిగి, పాకాల దాకా పోయింది సూడు. భక్తులు కూడా అంత బిరీన నడవరు.

… సరే, గమ్మునుంటా. నీ పనే చెప్పు.

మిషనును నడిపించే ఆ కొత్త డాస్ తీసుకునేదా వద్దా అనా? దానికేనా నా సలహా? పోయిన వారమంతా నేను నోరు తెరిస్తే "నీకేం తెలుసు" అన్నావే… ఓహో. డీలరు ఇంగ్లీషులో చెప్తా ఉండాడా. నువ్వేమో అరవంలో తలకాయ ఊపుతా ఉండావా.

సరే విను. ఆయన పంపిన పుస్తకం పది గంటల టపాలో వచ్చింది… అవును, నువ్వు పోయినాకనే… ఆఁ, చదివినాను. అట్ట నుంచి అట్ట దాకా.

ఎందుకట్ల గొంతు తగ్గింది? లైను బాగా లేదా?

సరే. మంచి ముందు చెప్తా. ఒకటి, దినామూ నాలుగు ఫ్లాపీలు తీసి పెట్టి, తీసి పెట్టి నా వేళ్ళు అరగతా ఉండాయి కదా, ఆ బాధ తగ్గుతాది. అంతా ఒకే పెద్ద డిస్కులో పెట్టుకోవచ్చునంట. ఇంగ మాటలు కొట్టే పని కూడా లేదంట. తెర మింద జాబితా మాదిరి వస్తాది, బాణం గుర్తు మింద వేలు పెట్టి పైకీ కిందికీ పోతే చాలు. హోటల్లో బోర్డు సూసి ఇడ్లీనా వడనా అని చెప్పినట్ల. అంటే నీ మాదిరోళ్ళ కోసమే కనిపెట్టినారు… తిట్టలేదు బావా, మెచ్చుకుంటా ఉండాను. నేను లేకపోయినా నువ్వే నడుపుకోవచ్చు.

… నవ్వు నవ్వు.

చెడ్డనా? చెడ్డ కూడా ఉండాది. అది లావుది బావా. మిషను లోపల కూర్చునేదానికి దండిగా చోటు కావాల. ఇప్పుడుండేది ఎట్లనో ఒదిగి ఒక మూల కూర్చుంటాది, మిగిలిన చోట్లో జాతకం ప్రోగ్రామూ తెలుగక్షరాలూ పడతాయి. కొత్తది వచ్చి కాళ్ళు సాపుకునిందంటే తెలుగక్షరాలు వీధిలో నిలబడాల. పెండ్లింట్లో లావుపాటి చుట్టం వచ్చి మంచమంతా పరుచుకున్నట్ల. అంటే మిషనుకు ఇంకొంచెం మెమరీ కొని పెట్టాల… ఆ, డీలరు కూడా అదే అన్నాడా? సూసినావా, బీయస్సీ చదివింది ఊరికే పోలేదు.

ఇంకొక చెడ్డ ఉండాది. అది పుస్తకంలో లేదు, నీలో ఉండాది. కొత్తది ఎక్కించినాక మిషను నోట్లో విబూది పెట్టగూడదు… నవ్వొద్దు! పోయిన ఆయుధపూజకు ఫ్లాపీ దూర్చే సందులో మూడు వేళ్ళతో విబూది అడ్డంగా పూసినావా లేదా? మధ్యలో గంధం బొట్టు కూడా. కీబోర్డు కింద నిమ్మకాయ పెట్టి, లారీని తొక్కించినట్ల తొక్కించినావు. రసం కారి 'ఆర్' మీట ఇప్పటికీ ఒక దెబ్బకు రెండు సార్లు పడతా ఉండాది. బాగుచేసేదానికి వచ్చినాయన దులిపితే మన మిషను లోపల నుంచి గుళ్ళో వచ్చినంత విబూది వచ్చింది. కొంచెం కళ్ళకద్దుకుని పోయినాడు కూడా.

ఉండు బావా, ఎవురో వచ్చినారు…

ఏమప్పా? రా, కూర్చో. చెప్పులు బయట ఇడిచినావా? జాతకమా?… కొడుక్కా. పుట్టిన తేది?… జూలై ఒకటి. టైము?… ఆవులు ఇంటికొచ్చే యాళ. సరే, కూర్చో, ఫోను అయినాక కొడతాను.

… విన్నావా బావా? జూలై ఒకటి. ఈ వారంలో పదకొండోవాడు. మన జిల్లాలో మొగపిలకాయలంతా జూలై ఒకటో తేదీనే పుట్టినారు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు "ఎప్పుడు పుట్టినాడు" అంటే, "వేరుశెనక్కాయ ఏసేటప్పుడు" అంటారు వీళ్ళు. ఆయన జూలై ఒకటి అని రాసి పారేసినాడు. ఆ తేదీ పట్టుకుని వచ్చి మనల్ని నక్షత్రం అడుగుతారు.

నవ్వుతా ఉండావు కదా. ఇంగ నవ్వేది ఆపు. అసలు సంగతికి వస్తా ఉండాను.

పుస్తకంలో ముప్పై ఏడో పేజీ. పాత డాస్ తేదీని అమెరికావాళ్ళు రాసినట్ల తీసుకుంటాదంట. నెల ముందు, దినం తరువాత. మన ప్రోగ్రాము కూడా దాన్నే పట్టుకుని నడుస్తాది. కొత్త డాసులో మన మాదిరి దినం ముందు, నెల తరువాత అని పెట్టుకోవచ్చునంట. అంటే ఏంది?… అర్థం కాలేదా? అర్థం కానట్ల ఉండావా?

చెప్తా. మన అంగట్లో పద్ధతి ఏంది? దినం ముందు కొట్టు. మిషను బీప్ బీప్ అని మొరిగిందంటే నెల ముందుకు తిప్పి కొట్టు. నువ్వు నేర్పించిందే కదా. "మొరిగితే తిప్పు పంకజం, మొరగకపోతే సరి" అన్నావు. మిషనుకు ఒక్కొక్క దినం బుద్ధి ఒక్కొక్క మాదిరి ఉంటాది, ఎద్దు మాదిరి అన్నావు.

ఆగస్టు ఇరవై అయిదున పుట్టినోడికి ఇరవై అయిదు ముందు కొడితే మొరగతాది. ఎందుకు? ఇరవై అయిదో నెల లేదు కాబట్టి. అప్పుడు తిప్పుతాం, సరిపోతాది. కాగితం మింద తేదీ తలకిందులుగా పడతాదని పెన్నుతో దిద్ది ఇస్తాం. జూలై ఒకటో తేదివాడికి ఒకటి ముందు, ఏడు తరువాత కొడితే మొరగతాదా? మొరగదు. ఒకటో నెల ఏడో తేది అనుకుంటాది. జనవరి ఏడుకు జాతకం కొట్టి చేతిలో పెడతాది. నున్నగా, దిద్దుబాటు లేకుండా.

మూడేండ్లుగా బావా. నెలలో పన్నెండో తేదీ లోపల పుట్టిన ప్రతి ఒక్కరికీ వేరేవాళ్ళ జాతకం ఇస్తా ఉండాము. మనం పెన్నుతో దిద్దినవన్నీ సరి. దిద్దకుండా ఇచ్చినవన్నీ తప్పు. అయిదో నెల అయిదో తేదీన పుట్టినోళ్ళూ, ఆరో నెల ఆరో తేదీన పుట్టినోళ్ళూ, వాళ్ళొక పిడికెడు మంది మాత్రం గండం గడిచి బయట పడినారు.

బావా?… ఉండావా?

… అట్ల అరవద్దు, ఎస్టీడీ బూతులో అందరూ సూస్తారు.

నేను ఎవురికీ చెప్పలేదు… భారతమ్మక్కకా? చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ పాటికి కాణిపాకం వినాయకుడు కూడా తొండం ఆడించి మరీ చెప్తా ఉండును.

ఏందీ?… మళ్ళీ చెప్పు… కొత్తది తీసుకుని, తేదీ మాత్రం పాత మాదిరే పెట్టించేదా? నెలే ముందు పెట్టించి, మనం దినమే ముందు కొట్టుకుంటా పోయేదా? భలే. భలే తెలివి. కొత్త బండి కొని, పాత గుంతలో నుంచే తోలాలంటావు.

… రెండో కాపీలకు వస్తారు, నిజమే. అప్పుడు కొట్టించుకున్నోళ్ళు పెండ్లి కుదిరినాక మళ్ళీ వస్తారు. నక్షత్రం మారి ఉంటే కొడతారు, అది కూడా నిజమే. "కంప్యూటరు అబద్ధమాడదు" అని వాకిట్లో మూరెడు అక్షరాలతో బోర్డు రాయించినావు, దాన్ని యాడ దాచిపెడతావు, అది మరీ నిజం.

… చెప్పు. వింటా ఉండాను… అందరూ సుఖంగా ఉండారు కదా అంటావా? తప్పు జాతకాలతో పెండ్లిళ్ళు చేసుకున్నోళ్ళు కాపురాలు చేసుకుంటా ఉండారు, ఇప్పుడెందుకు కెలికేది అంటావు… ఉండారులే, కాదనలేదు. ఆ నర్సరీ ఆయన కొడుక్కు పదికి పది పొంతనలు అని మనం కొట్టిచ్చినాము. దినామూ మొగుడూ పెండ్లామూ గిన్నెలు ఇసురుకుంటారు. పదికి నాలుగు అన్నదాన్ని లెక్క చెయ్యకుండా చేసుకున్న ఆ టైలరూ పెండ్లామూ చిలకాగోరింకల మాదిరి ఉండారు. దాంట్లో మిషను గొప్పా లేదు, తప్పూ లేదు. అట్లయితే కాగితం అమ్మేది ఎందుకు? మూసేసి దోసెలంగడి పెట్టుకుందాం. దోసె మాడితే కండ్లకు కనిపిస్తాది. తిన్నోడు అప్పుడే తిడతాడు, మూడేండ్లు ఆగడు.

నా సంగతి ఏందనా? ఆఁ, ఇప్పుడడిగినావు.

నేను పుట్టింది ఎప్పుడు? నవంబరు అయిదు. దీపావళి మూడు దినాలుందనగా. మిషను ఏమని తీసుకునింది? మే పదకొండు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ చెప్పేది, "నీది హస్తా నక్షత్రమే" అని. నీ మిషను ఉత్తరాభాద్ర అనింది. పొయ్యి కాడ కూర్చుని చెప్పిన మాట ఎక్కువనా, మద్రాసు నుంచి వచ్చిన మిషను మాట ఎక్కువనా? అందరమూ మిషనుకే దండం పెట్టినాము. మా అమ్మ కూడా పెట్టింది.

కుజదోషం కలదు. రెండే మాటలు. ఆ రెండు మాటలు సూసి వాయల్పాడు వాళ్ళు ఎనక్కి పోయినారు. పోయినేడు పుత్తూరు అయ్యవారి అమ్మ కాఫీ గ్లాసు సగంలో పెట్టి లేసింది. నాయన అప్పటి నుంచీ బేస్తవారం బేస్తవారం ఉపవాసమున్నాడు, ఎవురు చెప్పినారో ఏమో.

పొద్దున పుస్తకం చదివినాక తిప్పి కొట్టినాను. నెల ముందు. హస్తా నక్షత్రం. దోషం లేదు. కాగితం చేతిలోనే ఉండాది.

… ఆ కాగితం బేస్తవారం వాళ్ళకిచ్చేస్తే పోయె అంటావా? నీకు ఎంత సులభం బావా! మన అంగడి, మన మిషను, కొట్టింది నేను. "అమ్మాయి తన దోషాన్ని తనే దిద్దుకునింది" అంటారా అనరా? గోవిందు అనడు. వాళ్ళమ్మ అంటాది. వాళ్ళమ్మ అనకపోతే భారతమ్మక్క రైలెక్కి పోయి అనిపిస్తాది.

అందుకే చెప్తా ఉండాను. నా ఒక్కదానిది దిద్దితే దొంగతనం. అందరివీ దిద్దితేనే నిజం. కొత్త డాస్ తీసుకో. దినం ముందు పెట్టించు. వాకిట్లో ఇంకొక బోర్డు రాయించు: "పాత కాగితాలు తెండి, సరి చేసి ఊరికే ఇస్తాము" అని. తిట్టేవాళ్ళు తిడతారు. నాలుగు దినాలు నేను నిలబడి తిట్లు తింటాను, నువ్వు మద్రాసులోనే ఉండు. నాకు కావల్సింది అదొక్కటే… తప్పు మిషనుదని నువ్వు నోటితో అనాల. అంతే.

…

అనవా?

… "మిషను తప్పు కాదు" అంటావు. మరెవురి తప్పు? నాదా? నేను కొట్టింది తప్పా?… నీ పటం సూడమంటావా?

మిషను కొట్టిన నీ జాతకం, గోడ మింద ఉండేదే కదా, దండేసి పెట్టినావే. దాంట్లో ఏముండాది?… ఆశ్లేష. అవును. మీ తాత రాయించిన తాటాకు జాతకంలో కూడా ఆశ్లేషేనా?… సరేలే, ఉంటాది. నీకు ఆకు మింద కూడా రాయించి పెట్టినారు, నాకెవురు రాయించినారు. అంటే మిషను నీకు సరిగ్గా చెప్పింది కాబట్టి మిషను సరి అంటావు.

… న్యాయమే. నీకెట్ల సరిగ్గా చెప్పింది?

ఉండు. పటం దించతాను… ఏమప్పా, రొంత ఆ స్టూలు పట్టుకో. ఊగతా ఉండాది… ఆ, చాలు. మంచిది.

బావా, వినపడతా ఉండాదా?… దుమ్ము. తుడవతా ఉండాను. మూడేండ్లుగా దీని కింద కూర్చుని జిల్లాకంతా జాతకాలు కొట్టినాను, ఒక్కనాడూ దీన్ని చదవలేదు సూడు.

పేరు దొరస్వామి. పుట్టిన తేది… పది, గీత, సున్నా ఎనిమిది, గీత, పంతొమ్మిది వందల యాభై ఎనిమిది.

నువ్వు పుట్టింది ఆగస్టులో కాదు కదా బావా. మహాలయ పక్షంలో పుట్టినావు. "పెద్దలకు పిండం పెట్టే దినాల్లో కన్నాను వీణ్ణి, అందుకే వీడికి అంత ఆకలి" అని అలివేలత్త ఊరంతా చెప్తా ఉంటాది. అక్టోబరు ఎనిమిది. నెల పది, దినం ఎనిమిది.

నెల ముందు కొట్టినావు.

… మద్రాసాయన కొట్టినాడా? ఆయన ముందు దినం సాయంత్రమే మిషను బిగించి, పొద్దున తొలి బస్సుకు పోయినాడు. నేనే కాఫీ కాచి ఇచ్చినాను. పదిన్నరకు అంగడి తెరిచే పూజ. టెంకాయ కొట్టింది నేను. మిషను ముందు కూర్చునింది నువ్వొక్కడివే.

… ఆయన కాగితం మింద రాసిచ్చి పోయినాడా, ఎట్ల కొట్టాల్నో. అంటే నీకు తెలుసు. నీది కొట్టేటప్పుడు తెలుసు. నాది కొట్టేటప్పుడు మరిచిపోయినావా? ఎంతసేపు పట్టింది బావా మరిచిపోయేదానికి? నేను టెంకాయ చిప్పలు ఇచ్చేదానికి నాలుగంగళ్ళు తిరిగి వచ్చినంత సేపు. నువ్వే పంపినావు. "పోయి అందరికీ ప్రసాదం ఇచ్చి రా పంకజం" అని.

మనలో మేనరికానికి పొంతనలు సూసే ఆచారమే లేదు. నన్ను నీకే ఇచ్చేదని మీ అమ్మకూ మా నాయనకూ నేను పుట్టినప్పుడే ఒప్పందం. "ఊరికే తమాషాకు సూద్దాం, మొదటి బోణీ మనదే" అన్నది నువ్వు. తమాషా బాగా కుదిరింది.

ఇంకొకటి ఉండాది. ఇది ఇప్పుడే కనపడింది. కాగితానికి మూలలో నంబరు పడతాది కదా, మిషనే వేస్తాది. నీ పటంలో ఒకటి. నా పాత కాగితం ఈడనే సొరుగులో ఉండాది, తీస్తా ఉండాను…

మూడు.

ఒకటి నీది. మూడు నాది. ఆ పొద్దు ఇంగ ఎవురూ రాలేదు, బోణీ అయినాక మూసేసి బోజనానికి పోయినాము. రెండు యాడ బావా?

…

నేను గాజులంగట్లో ఉన్నప్పుడు ప్రింటరు గీకింది వినపడింది. రెండు సార్లు. వచ్చి అడిగితే "కాగితం ఇరుక్కునింది, చించి పారేసినా" అన్నావు.

రెండో కాగితంలో ఎన్ని పొంతనలు వచ్చినాయి?… ఎనిమిదా, తొమ్మిదా?… వద్దులే. చెప్పొద్దు.

వేలూరు పోయి ఇప్పుడు నీ పెండ్లామైన నాగరత్నక్కను సూసొచ్చింది దానికి ముందు వారమే కదా. ఆమెను నేనేమీ అనను, ఆమెకు ఏమి తెలుసు పాపం. నిన్ను కూడా… నేనేమన్నా నీ కోసం బాయిలో పడదామని కూర్చున్నానా? మొగం సూసి "వద్దు పంకజం" అని ఒక్క మాట అంటే, "పోరా" అని నేను కూడా ఒక్క మాట అని ఉందును. ఇద్దరికీ సరిపోయి ఉండును. మీ అమ్మ ఒక పూట ఏడ్చుండును. అంతే కదా.

దానికి మిషను కావలసి వచ్చింది.

నాది తిప్పినావు, సరే. ఆ మద్దేనమే నన్ను కూర్చోబెట్టి నేర్పించినావు. "దినం ముందు కొట్టు పంకజం, మొరిగితే తిప్పు." సరిగ్గా నేర్పిస్తే నాది నేను మళ్ళీ కొట్టి సూసుకుంటానని. అంతేనా?… నన్నొక్కదాన్ని వద్దనేదానికి జిల్లాలో పిలకాయలనంతా తిప్పినావా బావా? ఇంత పెద్ద పని చేసేదానికి కలెక్టరుకు కూడా చేతకాదు!

…

హలో?

… ఉండావులే.

… ఉండు బావా. అప్పా, నువ్వు లేసి రా. నిలబడి ఎందుకు వింటావు, కాగితం ఇస్తా. కొడుకు పేరు?… పోలయ్య. జూలై ఒకటి కదా. ఏడు ముందు, ఒకటి తరువాత. కొట్టినాను. అది వెంటనే కాదు, గీకతా గీకతా వస్తాది, చించొద్దు… ఏంది? నిజంగా పుట్టింది ఎప్పుడో తెలీదు కదా, ఇది సరేనా అంటావా? అయ్యవారి అబద్ధాన్ని నేను సరిగ్గా కొట్టినాను అప్పా. మన అంగట్లో జూలై ఒకటోళ్ళకు సరైన కాగితం ఇదే మొదటిది. దుడ్లు వద్దు, పో.

… ఆఁ, చెప్పు బావా. నీ మాట ఏందో… డీలరు ఒంటిగంటకు మూసేస్తాడా. ఇప్పుడు చెప్పాల్నా.

… నీకు కావల్సింది అదొక్కటేనా? తీసుకునేదా వద్దా అనా?

తీసుకో బావా. కొత్తదే తీసుకో, బాణం గుర్తులు ఉండాయి, సులభం. దినం ముందు పెట్టించుకో. అంగడి తాళాలు భారతమ్మక్కకు ఇచ్చి పోతా ఉండాను, ఒకటో కాగితమూ మూడో కాగితమూ నాతో తీసుకుపోతా ఉండాను, బేస్తవారం పాకాల వాళ్ళ ముందర రెండింటినీ పక్కపక్కన పెడతాను, నీకు నెల ముందు, నాకు దినం ముందు కొట్టింది వాళ్ళే సూసుకుంటారు. మిషను కొట్టేదానికి మనిషిని కూడా ఆడనే సూసుకుని రా.

…

……